ట్యూబ్‌లైట్ తటపటాయింపు

"సార్, ట్యూబ్‌లైట్ లోపల 11,000 డిగ్రీలంటున్నారు. మరి గాజు కరిగిపోదేం?" తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే.

అంత వేడి ఎలక్ట్రాన్లకు మాత్రమే. గొట్టంలో ఉండేది కాస్త ఆర్గాన్, రవ్వంత పాదరసం. లోపలి పీడనం బయటి గాలి పీడనంలో సుమారు మూడు వందల వంతుల్లో ఒక వంతు. కరెంటు పారగానే ఎలక్ట్రాన్లు పరుగందుకుంటాయి. ఆర్గాన్ పరమాణువు వాటికంటే దాదాపు 73,000 రెట్లు బరువు. కొండకు గోళీ తగిలినట్టు, ఎలక్ట్రాన్ గుద్దుకుని దారి మార్చుకుంటుందే తప్ప తన శక్తిలో దాదాపు ఏమీ ఇవ్వదు. పైగా వాయువు పలచన, గుద్దుకోవడాలూ తక్కువే. అందుకే ఎలక్ట్రాన్లు మండిపోతున్నా వాయువు 40 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. ఎలక్ట్రాన్లు విడిపడి తిరిగే ఇలాంటి వాయువే చల్లని ప్లాస్మా. వెల్డింగ్ ఆర్క్‌లో పీడనం ఎక్కువ కాబట్టి రెండూ ఒకే వేడికి చేరతాయి, ఇనుము కరుగుతుంది.

వేగం బాగా ఉన్న ఎలక్ట్రాన్లు పాదరసం పరమాణువులను రెచ్చగొడితే అవి 254 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలను వదులుతాయి. కంటికి కనపడని ఆ కిరణాలను గొట్టం లోపల పూసిన తెల్లపొడి వెలుగుగా మారుస్తుంది.

నాకు మాత్రం ముద్దొచ్చేది స్టార్టర్. పాడైనదాన్ని విప్పి చూడండి. వేలిగోరంత గాజు బుడ్డి, పక్కన ఒక కెపాసిటర్. బుడ్డిలో రెండు మొనలు, మధ్య సన్నని సందు. ఒక మొన రెండు లోహాలు అతికించిన రేకు. స్విచ్ వెయ్యగానే బుడ్డిలోని వాయువు మెరుస్తుంది. అదీ ప్లాస్మానే! ఆ వేడికి రేకు వంగి రెండో మొనను తాకుతుంది. అప్పుడు కరెంటు ట్యూబు రెండు చివర్ల ఫిలమెంట్లలో పారి వాటిని కాకెక్కిస్తుంది. మొనలు తాకగానే మెరుపు ఆగిపోయింది కదా, రేకు చల్లారి వెనక్కి వస్తుంది. కరెంటు తటాలున తెగేసరికి చోక్ అనే తీగచుట్ట వందల వోల్టుల దెబ్బ కొడుతుంది, ట్యూబు వెలుగుతుంది. వెలిగాక ట్యూబు రెండు కొసల మధ్య ఉండే వోల్టేజీ స్టార్టర్‌ను మళ్లీ మెరిపించడానికి చాలదు. కావాలంటే దాన్ని ఊడదీసినా వెలుగుతూనే ఉంటుంది.

మరి వెలిగేముందు ట్యూబు రెండు మూడుసార్లు కొట్టుకోవడం ఎందుకు? మన కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది. సరిగ్గా ఆ దగ్గర్లో రేకు విడితే చోక్ దగ్గర కొట్టడానికేమీ ఉండదు. మళ్లీ మొదటికే.

ఇక చరిత్ర. 1926లో బెర్లిన్‌లో ఎడ్మండ్ గెర్మర్ బృందం పేటెంటుకు దరఖాస్తు చేసింది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ తరఫున జార్జ్ ఇన్మన్ బృందం 1938లో ట్యూబును అంగట్లోకి తెచ్చింది. గెర్మర్ పేటెంటునూ ఆ కంపెనీయే కొనేసింది. తర్వాత ఎలక్ట్రానిక్ చోక్ వచ్చి స్టార్టర్‌కు పని లేకుండా చేసింది, ఎల్‌ఈడీ వచ్చి ట్యూబునే దించేసింది.

పూర్తిగా పోలేదు లెండి. ఆ గొట్టానికి పొడి పూయకుండా, అతినీలలోహిత (యూవీ) కిరణాలను అడ్డుకోని గాజుతో చేస్తే క్రిముల డీఎన్ఏను దెబ్బతీసే దీపం అవుతుంది. యూవీ ఉన్న చాలా వాటర్ ప్యూరిఫయర్లలో ఉన్నది అదే. వెలుగుతున్నప్పుడు మాత్రం మూత తీసి చూడకండి, కళ్లకు మంచిది కాదు.