ఇంటిలో ఆడుటకు ఏ బంతి?

అనంతపురము ప్రాంతమున ఏటా కురియు సగటు వర్షము సుమారు 55 సెంటీమీటర్లు మాత్రమే. పాఠశాలల ఆటస్థలములు చాలచోట్ల గులకరాళ్ళు తేలిన ఎర్రనేలలే. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు జరిగిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మైదానమువంటి పచ్చిక పల్లెబడి పిల్లలకు దొరకునది కాదు. వేసవి మధ్యాహ్నములందు వారు పడసాలలోనే బ్యాటు త్రిప్పుదురు. అప్పుడు చేతనున్న బంతి ఎట్టిదో పెద్దలెవరును చూడరు. చూడవలసిన విషయమే అది.

క్రికెట్ బంతి ద్రవ్యరాశి 156 నుండి 163 గ్రాములు. అమెరికా బేస్‌బాల్ బంతి దానికంటె కొంచెము తక్కువ. టెన్నిసు బంతి 56 నుండి 59.4 గ్రాములు. సెకనుకు 20 మీటర్ల వేగముతో పోవు క్రికెట్ బంతికి గతిజ శక్తి 32 జౌళ్ళు, అదే వేగమున టెన్నిసు బంతికి 12 జౌళ్ళకు లోపు. అంతేకాదు, గట్టి బంతి నొక్కుకొనదు. అది తాకిన చోట అతి తక్కువ కాలములో ఆగును గనుక బలము మిక్కిలి హెచ్చుగా నుండును. అద్దమైనను, పంటియెముకయైనను పగులుటకు కారణమిదే.

అయితే తేలిక బంతులన్నియు క్షేమమని తలపరాదు. ఆస్ట్రేలియాలో బౌరల్ అను ఊరిలో బాలుడైన డొనాల్డ్ బ్రాడ్‌మన్ నీటితొట్టి క్రిందనున్న ఇటుక దిమ్మెకు గోల్ఫ్ బంతిని విసరి, తిరిగివచ్చు దానిని స్టంపుతో కొట్టుచుండెడివాడు. ఈ కథ చదివిన ప్రతి బాలునకును అట్లే చేయవలెనని తోచును. ఇంటిలో మాత్రము అది కూడని పని. మనుష్యుని కంటిగూడు వెడల్పు సుమారు 4 సెంటీమీటర్లు. టెన్నిసు బంతి వ్యాసము ఆరున్నర సెంటీమీటర్లకు పైమాట. దాని దెబ్బలో చాలభాగము గూటిచుట్టునున్న ఎముక భరించును. 4.27 సెంటీమీటర్ల గోల్ఫ్ బంతి గూటిలోనికే చొచ్చి కనుగ్రుడ్డును నొక్కును. దాని బరువు 46 గ్రాములే, కాని చూపు పోవుటకు అది చాలును. మెత్తని టెన్నిసు బంతియు అతివేగముగా తగిలిన కొంత లోనికి ఉబ్బును. కనుక బంతి విసరువాడు దగ్గరగా ఎదుట నిలువక, ప్రక్కనుండి మెల్లగా అందించుట మేలు.

పింగ్‌పాంగ్ బంతి వ్యాసము 4 సెంటీమీటర్లే గదా యని సందేహము కలుగవచ్చును. దాని ద్రవ్యరాశి 2.7 గ్రాములు మాత్రమే. సెకనుకు 20 మీటర్ల వేగమున దానిపై గాలి నిరోధము దాని బరువునకు సుమారు అయిదు రెట్లుండును. క్రికెట్ బంతి విషయమున అది బరువులో పావువంతు ప్రాంతమే. అందుచే పింగ్‌పాంగ్ బంతి నాలుగడుగులు పోవునంతలోనే నెమ్మదించును. 1953లో కనెక్టికట్‌లో డేవిడ్ ముల్లనీ తన కుమారునికై రూపొందించిన చిల్లుల ప్లాస్టిక్ బంతియు గాలినే ఆధారము చేసికొన్నది.

బంతి ఎగురు గుణమును తరగతిలోనే కొలువవచ్చును. తాడిపత్రి బండలు పరచిన నేలపై 2 మీటర్ల ఎత్తునుండి బంతిని విడిచి, ఎంత ఎత్తు లేచెనో గోడపై గుర్తింపవలెను. లేచిన ఎత్తును 2తో భాగించి వర్గమూలము కట్టిన ప్రత్యావస్థాన గుణకము వచ్చును. టెన్నిసు బంతి 254 సెంటీమీటర్లనుండి పడి 135 మొదలు 147 వరకు లేవవలెనని నియమము. అనగా గుణకము 0.73 నుండి 0.76. ఎండలో వెచ్చబడిన బంతి ఇంకను ఎక్కువ లేచును. చినిగిన చొక్కాలను చుట్టి, పైన సైకిలు ట్యూబు ముక్కలు తొడిగిన గుడ్డబంతి మోకాలెత్తు లేచుటయే కష్టము. గోడకు తగిలి ఎటుపడిన అటు దూకదు. ఇరుకు గదికి ఇంతకంటె మంచి బంతి లేదు, ఖర్చును లేదు.

ఒంటరిగా ఆడువాడు ఆ గుడ్డబంతినే పాత మేజోడులో వేసి దూలమునకు 2 మీటర్ల త్రాటితో వ్రేలాడదీయవచ్చును. అట్టి లోలకము ఆవర్తన కాలము సుమారు 2.8 సెకన్లు, బంతి బరువు ఎంతయైనను. మెల్లగా కొట్టిన బంతి 1.4 సెకన్లకు బ్యాటువద్దకు తిరిగివచ్చును. గట్టిగా కొట్టిన ఊపు పెద్దదై కొంచెము ఆలస్యమగును. త్రాడు ముడి మాత్రము ప్రతిదినము చూచుకొనవలెను.