హెపటైటిస్-సి వైరస్సు - కాలేయ జన్యువులు

కాలేయమునకు క్యాన్సరు కలిగించు కారణములలో హెపటైటిస్-సి వైరస్సు ముఖ్యమైనది. శాస్త్రజ్ఞులు దీనిని గుర్తించినది 1989లో. ఈ పరిశోధనలకు హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్ అనువారు 2020లో నోబెల్ బహుమానము పొందిరి. ఇది రక్తము ద్వారా సోకి, ఏ బాధయు తెలియనీయక ఏండ్ల తరబడి కాలేయములో దాగియుండును.

ఇందు ఆశ్చర్యకరమగు విషయమొకటి కలదు. హెపటైటిస్-బి వైరస్సు తన జన్యుపదార్థమును మన జన్యువుల నడుమ చేర్చగలదు. సి వైరస్సు అట్లు చేయదు. కణకేంద్రకమునకు వెలుపలనే వృద్ధిచెందును. మరి క్యాన్సరెట్లు కలుగును?

మన కణములోని జన్యువులన్నియు ఒక్కసారిగా పనిచేయవు. ఏది పనిచేయవలెనో, ఏది ఊరకుండవలెనో తెలుపు రసాయనపు గుర్తులు వానిపై నుండును. కణవిభజన మితిమీరకుండ అడ్డుపడు జన్యువులును కలవు. ఈ వైరస్సు పది మాంసకృత్తులను తయారుచేయును. వానిలో 'కోర్' అనునది పీ-16 అను అట్టి జన్యువుపై మిథైల్ గుర్తులు పడునట్లు చేసి, దాని పనిని ఆపివేయుట ప్రయోగశాలలో పెంచిన కణములలో కనబడినది. 'ఎన్.ఎస్.5బి' అను మరియొకటి, విభజనను అదుపుచేయు ఆర్.బి. మాంసకృత్తును తగ్గించివేయును. జన్యువులోని అక్షరములు మారకయే దాని పని మారిపోవుచున్నది. దీనికి దీర్ఘకాలపు వాపు తోడై కాలేయము గట్టిపడును. కణములు నశించి మరల పుట్టుచుండగా జన్యువులలో నిజమైన మార్పులును చేరును.

నేడు దీనికి మంచి మందులున్నవి. సోఫోస్‌బువిర్ తయారీకి 2014లో అనుమతి పొందిన భారతీయ సంస్థలలో హైదరాబాదునకు చెందిన హెటిరో ఒకటి. సాధారణముగా పండ్రెండు వారములు మాత్రలు వాడిన రోగులలో అత్యధికులకు వైరస్సు పూర్తిగా తొలగును. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద పరీక్షయు చికిత్సయు ఉచితము.

అయినను వైరస్సు పోయిన పిదపకూడ జన్యువులపై కొన్ని గుర్తులు నిలిచియుండునని 2019లో వెలువడిన పరిశోధనలు తెలిపినవి. రామగుండము, గోదావరిఖని ప్రాంతములలోని గనికార్మికులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. గనిలో నిప్పు రాజుకొన్న భాగమును గోడకట్టి మూసిన తరువాత దానిని మరచిపోరు గదా! లోపలి గాలిని పరీక్షించుచునే యుందురు. అట్లే కాలేయము గట్టిపడినవారు వైరస్సు నయమైనను ఆరునెలలకొకసారి అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకొనవలెను.

2001కి పూర్వము మన దేశములో దాతల రక్తమునకు ఈ వైరస్సు పరీక్ష నిర్బంధము కాదు. కనుక ఆ దినములలో గని ప్రమాదమునగాని, కాన్పు సమయమునగాని, శస్త్రచికిత్సలోగాని రక్తమెక్కించుకొన్నవారు ఒక్కసారి రక్తపరీక్ష చేయించుకొనుట మంచిదని మా మనవి. కలిసి భోజనము చేసినందున ఈ వ్యాధి సోకదు. ఇంటిలోని రోగిని వేరుగా నుంచవలసిన పనిలేదు.