ఇంటి పాత లారీ: అమ్ముదమా, ఉంచుకొందమా?



కాట్రేనికోన వంటి యూళ్లలో ఏండ్ల తరబడి కొబ్బరికాయలు మోసి సంసారమును నిలిపిన పాత లారీని, మరల బాగుచేయించి పాకలో నిలుపుకొన్న గృహమొకటి యున్నదనుకొందము. బేరగాడు వచ్చినాడు. ఇల్లాలు ఏమి చెప్పవలెను?

మొదట బండి యేదో తెలిసికొనవలెను. టాటావారు జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ కంపెనీతో కలిసి 1954లో జంషెడ్‌పూరున లారీలు చేయ నారంభించిరి. ఆ పొత్తు 1969లో ముగిసెను. ముందు భాగమున మూడు కొనల నక్షత్రము గల టాటా లారీలు సాధారణముగా ఆ కాలపువి. అట్టిదానిని విలువ విచారింపక తెగనమ్మరాదు.

అయినను మోజు వేరు, లెక్క వేరు. ఏబదియేండ్లు దాటిన బండ్లకై 2021లో కేంద్రప్రభుత్వము చేసిన ప్రత్యేక నిబంధనలు సొంత వాడుక బండ్లకే గాని బాడుగ లారీలకు వర్తింపవు. సరకు మోయు పాత లారీకి ఏటేట యోగ్యతాపత్రము పొందవలెను. పైగా సముద్రము చేరువ. ఉప్పుగాలికి ఇనుము త్వరగా త్రుప్పు పట్టును. కదలక నిలిచిన బండికి బ్యాటరీ దిగును, టైర్లు పగులును, రబ్బరు గొట్టములు పెళుసెక్కును.

కావున మేము చెప్పునది యిది. ఏటి ఖర్చును పద్దులో వ్రాసి చూడుడు. ఆ సొమ్ము పిల్లల చదువునకు అడ్డము రాక, బండిని కనిపెట్టి చూచు చేతులు ఇంట నున్నచో ఉంచుకొనుడు. లేనిచో ముక్కలు చేయువానికి గాక, పోషింపగలవానికి అమ్ముడు. రిజిస్ట్రేషను కొన్నవాని పేర మార్పించుట మాత్రము మరువకుడు. లేకున్న రేపటి ప్రమాదపు బాధ్యత మన తలపై బడును. పాకలో త్రుప్పు పట్టనిచ్చుట మమకారము కానేరదు.