కొలోన్‌లో కార్నివాల్.. మా ఊళ్లో జాజిరి

2025 మార్చి 3. జర్మనీలోని కొలోన్‌లో రోడ్డు పక్కన నిలబడ్డా. ఆఫీసు పని మీద వెళ్లి మూడు వారాలే అయింది. చుట్టూ జోకర్లు, మంత్రగత్తెలు, తేనెటీగల వేషాల్లో జనం. ఊరేగింపు బండ్ల మీంచి చాక్లెట్లు, పూలు విసురుతున్నారు. పిల్లలు సంచులు పట్టుకుని ‘కమెల్లె.. కమెల్లె’ అని ఒకటే అరుపు. మిఠాయి వెయ్యమని అడగడమట అది. నాకు టక్కున జగిత్యాల దగ్గరి మా ముత్యంపేట గుర్తొచ్చింది. చిన్నప్పుడు మేమూ సంచి పట్టుకుని ఇలాగే అరిచేవాళ్లం కదా!

కార్నివాల్ అంటే మనకు టీవీలో చూసిన రియో సాంబానో, గోవా వీధుల్లో కింగ్ మోమో ఊరేగింపో గుర్తొస్తాయి. అసలు సంగతి ఉపవాసం. ఈస్టర్‌కు ముందు క్రైస్తవులకు నలభై రోజుల తపస్సు కాలం ఉంటుంది. పాతరోజుల్లో అన్ని రోజులూ మాంసం బంద్. ఆ పేరుకు మూలమైన లాటిన్ మాటలకు అర్థం కూడా మాంసం తీసి పక్కన పెట్టడమే. అందుకే అది మొదలయ్యేలోపు తినేది తిని, ఆడేది ఆడేస్తారు. కొలోన్‌లో 1823లో ఒక కమిటీ కట్టి ఊరేగింపు పద్ధతిగా మొదలుపెట్టారు.

మర్నాడు మంగళవారం అర్ధరాత్రి ఇంకో వింత చూశా. బార్ గుమ్మం మీద వేలాడదీసిన గడ్డిబొమ్మను కిందికి దించారు. పేరు నుబ్బెల్. ఈ నాలుగు రోజుల్లో తాగిన తాగుడు, చేసిన ఖర్చు, తప్పులన్నీ దాని మీదే నెట్టేసి, ఉత్తుత్తి ఏడుపులు ఏడ్చి కాల్చేశారు. తెల్లారితే విభూది బుధవారం. చర్చికి వెళ్లొచ్చిన మా టీమ్ లీడ్ నుదుట బూడిద గుర్తు. నేనైతే ఆయన ముఖం వంకే చూస్తూ ఉండిపోయా.

ఎందుకంటే, సరిగ్గా తొమ్మిది రోజులకు మా నాయినమ్మ నా నుదుట అదే బూడిద పెట్టింది.

మార్చి 13 రాత్రి కాముని దహనం. శివుడి మూడో కంటికి మన్మథుడు కాలిపోయిన కథ అందరికీ తెలిసిందే. మా పిల్లలకు మాత్రం అసలు పండుగ అంతకు వారం ముందు నుంచే. చేతుల్లో కోలలు, భుజాన సంచి, ఇంటింటి ముందు జాజిరి పాట. సోలెడు వడ్లో, బియ్యమో, రూపాయో పెట్టేదాకా గడప దిగేది లేదు. పెట్టని పీనాసిని పాటలోనే ఆడుకునేవాళ్లం. మామూలు రోజుల్లో గట్టిగా మాట్లాడటానికే భయపడే పెద్దింటి ముందు కూడా! రాత్రిళ్లు పిడకలు, విరిగిన మంచాలు మాయం చేసినా ఎవరూ కొట్టేవారు కాదు. తెల్లారి మోదుగుపూలు ఉడకబెట్టిన నీళ్లే రంగు.

మా కాముడి మంటకు ఎండిన చెరకాకు బాగా పనికొచ్చేది. ఊళ్లో చక్కెర ఫ్యాక్టరీ ఉండేది కాబట్టి చుట్టూ చెరకు తోటలే. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడింది. గల్ఫ్ బాట మాకు అంతకుముందే ఉన్నా, నాతో జాజిరి ఆడిన ఎనిమిది మందిలో ఇప్పుడు ఐదుగురు దుబాయ్, మస్కట్‌లలో ఉన్నారు. నేను హైదరాబాద్‌లో. కొలోన్ వాళ్లకు పండుగ నడపడానికి కమిటీలున్నాయి. మాకు ఉన్నది మా వాడ పోరగాళ్లే. వాళ్లే లేకపోతే?

ఆ సాయంత్రం నలుగురు పిల్లలొచ్చారు. కోలలున్నాయి గానీ పాట మాత్రం బ్లూటూత్ స్పీకర్‌లో, సినిమా పాట. నాయినమ్మ చేటలో బియ్యం తెచ్చింది.

“బియ్యం ఎవలు మోస్తరవ్వా, ఫోన్‌పే కొట్టు” అన్నాడు ఒకడు.

నేను ఫక్కున నవ్వేశా. నాయినమ్మ నవ్వలేదు. “పాట పాడుండ్రి, అప్పుడిస్త” అంది. వాళ్లకు రాదు. నాకూ సగమే వచ్చు. స్పీకర్ బంద్ చేయించి, వాడి చేతిలో కోలలు తీసుకుని, డెబ్బై ఆరేళ్ల మనిషి వాకిట్లో నిలబడి తనే అందుకుంది. పిల్లలు కాసేపు కిసకిసలాడి, తర్వాత లయ పట్టుకున్నారు. ఫోన్‌పేలో యాభై రూపాయలు నేనే కొట్టా. బియ్యం కూడా తీసుకుపోయారు.

రాత్రి మంట చల్లారాక కూర్చోబెట్టి ఆ పాట రాసుకున్నా. ఏడు చరణాలు వచ్చాయి. ఎనిమిదోది ఎంతకూ యాదికి రావట్లేదంది. కోరుట్లలో ఉన్న చెల్లెలికి తెలుసట, ఫోన్ చేసి అడుగుతానంది.