పందొమ్మిది మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి

రైలు నమూనా అనగానే అందరి చూపూ ఇంజను మీదికే పోతుంది. పొగగొట్టం వున్నదా, దీపం వెలుగుతుందా అని వంగి వంగి చూస్తారు. కింద వున్న పట్టాలను పట్టించుకునేవారు అరుదు. కాని రైలును అచ్చం రైలులా నిలబెట్టేవీ, బొమ్మ అని పట్టి యిచ్చేవీ కూడా ఆ పట్టాలే.

మన బ్రాడ్‌గేజిలో రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. పాత లెక్కలో ఐదున్నర అడుగులు. ఇంగ్లండు, అమెరికాల్లో వాడే గేజి 1435 మాత్రమే. లోకంలో ఎక్కువమంది చేసుకునే నమూనాలు అసలులో 87వ వంతు వుంటాయి. ఆ కొలతకు ‘హెచ్.ఓ.’ అని పేరు. 1435ను 87తో భాగిస్తే పదహారున్నర మిల్లీమీటర్లు వస్తుంది. బజారులో దొరికే పట్టాలు అవే. మన 1676ను భాగిస్తే 19.2 రావాలి. అలాంటివి నాకు ఏ దుకాణంలోనూ కనిపించలేదు.

మూడు మిల్లీమీటర్లయినా లేని తేడాకు యింత రాద్ధాంతమా అనవచ్చు. అసలు లైనుకు తిప్పి లెక్క కడితే అది జానెడు పైమాటే. మన వెడల్పాటి పెట్టెలను ఆ యిరుకు పట్టాల మీద నిలబెడితే, భారీ మనిషి ముక్కాలిపీట మీద కూర్చున్నట్టు వుంటుంది.

ఇంగ్లీషువారు యీ చిక్కును చేతులారా తెచ్చుకున్నారు. అక్కడి ఇంజన్లు చిన్నవి. 1920ల నాటి మోటార్లు 87వ వంతు ఇంజనులో యిమడక, ఇంజన్లను 76వ వంతుకు పెంచి, పట్టాలను మాత్రం పదహారున్నర దగ్గరే వుంచేశారు. ఆ ‘డబుల్ ఓ’ పద్ధతి నేటికీ చెల్లుతూనే వున్నది. 1960లలో కొందరు దీనికి ఒప్పుకోక, 18.83 మిల్లీమీటర్ల కొలత నిర్ణయించుకుని పట్టాలూ చక్రాలూ సొంతంగా చేసుకోసాగారు. మిల్లీమీటరులో నూరోవంతు దాకా పోయిన వారి సంగతి చదివాకనే నాకు ధైర్యం వచ్చింది.

స్లీపర్లకు నేను రాగిరేకు అతికిన సర్క్యూట్ బోర్డు వాడతాను. అసలు కాంక్రీటు స్లీపరు పొడవు 2.75 మీటర్లు; మనకు ముప్ఫై ఒకటిన్నర మిల్లీమీటర్ల ముక్క కావాలన్నమాట. కిలోమీటరుకు 1660 స్లీపర్ల లెక్కన, నమూనాలో మీటరుకు 145 ముక్కలు పడతాయి. ప్రతి ముక్క నడుమా ఆకురాయితో రాగిని గీకెయ్యాలి. లేకపోతే రెండు పట్టాల కరెంటూ కలిసిపోయి రైలు కదలదు. ఆ గీకుడు రాత్రి భోజనాల తర్వాత రేడియో వింటూ చేసుకోదగ్గ పని.

మొదటి పట్టాను ఇనప స్కేలు వెంబడి తిన్నగా టంకం వేస్తాను. రెండోదానికి గేజి కావాలి. ఒక ఇత్తడి కడ్డీకి లేతు మీద రెండు గాడులు తీయించాను. పట్టాల తలలు ఆ గాడుల్లో కూర్చుంటే నడిమి దూరం సరిగ్గా 19.2. అలాంటివి మూడు పెట్టుకుని, వరసగా కాకుండా అక్కడొకటి యిక్కడొకటి టంకం పెట్టాలి. వేడికి సాగిన పట్టా చల్లారాక లాగుతుంది మరి.

అసలు పరీక్ష దారి మారే పాయింటు దగ్గర. అసలు లైనులో అక్కడ పట్టాకూ చెక్ రైలుకూ మధ్య సందు 44 మిల్లీమీటర్లు. నమూనాలో అది అర మిల్లీమీటరు! బజారు చక్రాల అంచులు లావు. వాటికి మిల్లీమీటరు పైబడి సందు కావాలి. కాబట్టి పట్టా నిజం కావాలంటే చక్రమూ నిజం కావాలి. చక్రం మార్చిన పెట్టె మరెవరి పట్టాల మీదా నడవదు, మరెవరి పెట్టే నా పట్టాల మీదకు రాదు. ఎదురింటి పిల్లవాడు తన రైలు చంకన పెట్టుకు వచ్చి, “మామయ్యా, ఒక్కసారి నడుపుకోనా?” అంటే కాదనవలసి వస్తుంది. అది కొంచెం కష్టంగానే వుంటుంది. చాలామంది యిక్కడే ఆగి పదహారున్నరతో సరిపెట్టుకుంటారు. వారిని తప్పుపట్టను. వారి రైళ్ళు నలుగురి యిళ్ళలో తిరుగుతాయి.

మలుపుల సంగతి మరీ చిత్రం. బ్రాడ్‌గేజిలో అనుమతించే అతి గట్టి మలుపు పది డిగ్రీలు, అంటే 175 మీటర్ల అర్ధవ్యాసం. నమూనాలో అది రెండు మీటర్లు. రైలు గుండ్రంగా తిరిగి రావాలంటే నాలుగు మీటర్లు దాటిన వెడల్పు గది కావాలి. అంత గది మన యిళ్ళలో ఎక్కడిది? అందుకని నాది గోడ వారగా ఒక పల్లె స్టేషను మాత్రమే. రైలు ఒక చివర వచ్చి, కాస్సేపు ఆగి, రెండో చివర బీరువా వెనక్కి పోతుంది.

కంకర రాయి 65 మిల్లీమీటర్లది. 87వ వంతు చేస్తే బొంబాయి రవ్వ పలుకంత. రవ్వే చల్లరాదా అని యింట్లో సలహా వచ్చింది. చీమల మాట గుర్తుచేశాను. రాతిపొడిని టీ వడపోసే జల్లెడలో జల్లించి, పట్టాల నడుమ పరచి, నీళ్ళలో కలిపిన తెల్లజిగురును ఇంకు ఫిల్లరుతో చుక్కలుగా వేస్తాను. అందులో పాత్రలు తోమే సబ్బు ఒక బొట్టు కలపాలి. లేకపోతే చుక్క పైనే గుండ్రంగా నిలిచిపోయి లోపలికి యింకదు.

ఇప్పటికి నాలుగు మీటర్లు పూర్తయింది. గూడ్సు షెడ్డు పాయింటుకు టంగ్ రైలు యింకా ఆకురాయి కిందనే వున్నది.