స్ఫీనాయిడ్, స్ఫీరాయిడ్: మేకు, గోళం అర్థాలనిచ్చే గ్రీకు శాస్త్రపదాలు – జూబ్లీ హిల్స్ శిలల నేపథ్యం

తెలుగు లిపిలో రాసినప్పుడు ‘స్ఫీనాయిడ్’, ‘స్ఫీరాయిడ్’ అనే పదాల మధ్య తేడా ఒక్క అక్షరం మాత్రమే. మొదటిది మేకును పోలినదాన్ని, రెండవది గోళాన్ని పోలినదాన్ని చెబుతుంది. రెండూ గ్రీకు నుండి వచ్చినవే. ‘స్ఫేన్’ అంటే ఒకవైపు మందంగా, మరొకవైపు పలుచగా ఉండి, సందులో దిగగొట్టడానికి పనికివచ్చే మేకు. ‘స్ఫైరా’ అంటే బంతి. నకారం స్థానంలో రకారం పడితే కపాలంలోని ఎముక కాస్తా బంతిగా మారిపోతుంది. లిప్యంతరీకరణ మీదనే ఆధారపడే శాస్త్రరచనలో ఇది చిన్న ప్రమాదం కాదు. మూలార్థం తెలిసినవారికి మాత్రం ఈ పొరపాటు వెంటనే కంటపడుతుంది.

1. మేకు

కపాలపు అడుగుభాగంలో, ఇతర ఎముకల నడుమ మేకులా దిగగొట్టినట్లు ఇమిడి ఉండేది స్ఫీనాయిడ్ ఎముక. గ్రీకు వైద్యుల కాలం నుండి దానికి అదే పేరు. పిట్యూటరీ గ్రంథి దీని మీది గుంటలోనే ఉంటుంది. ఆ గ్రంథిలోని కణితిని ముక్కు ద్వారా తొలగించే శస్త్రచికిత్సకు దారి కూడా ఈ ఎముకలోని గాలి గదే. పాదంలోనూ మేకు ఆకారపు ఎముకలు మూడున్నాయి. అయితే వాటిని లాటిన్ మూలం నుండి ‘క్యూనిఫాం’ అన్నారు. ఒకే భావం తలలో గ్రీకుగా, పాదంలో లాటిన్‌గా మిగిలిందన్నమాట.

ఖనిజశాస్త్రంలో ‘స్ఫీన్’ అనేది కాల్షియం, టైటానియంలతో కూడిన సిలికేటు. దాని స్ఫటికాలు మేకు ఆకారంలో ఉండటం వల్ల ఫ్రెంచి శాస్త్రవేత్త అయూయీ 1801లో ఈ పేరు పెట్టాడు. అంతకుముందే 1795లో క్లాప్రోట్ దాన్ని ‘టైటనైట్’ అన్నాడు. 1982 నుండి అంతర్జాతీయంగా టైటనైట్‌నే ప్రామాణికంగా వాడుతున్నారు. అయినా శిలాశాస్త్ర వ్యాసాల్లో స్ఫీన్ పూర్తిగా మాయం కాలేదు. న్యూజీలాండ్‌లోని ట్వటారా అనే సరీసృపానికి ‘స్ఫీనోడాన్’, అంటే మేకు పన్ను కలది, అని పేరు. మూడు వేర్వేరు ప్రధానసంఖ్యల లబ్ధాన్ని గణితంలో ‘స్ఫీనిక్’ సంఖ్య అంటారు. 30 అటువంటి వాటిలో మొదటిది.

గ్రీకు ‘స్ఫేన్’ను యజ్ఞంలో వాడే కత్తివంటి చెక్క పనిముట్టు ‘స్ఫ్యం’తో పోల్చిన భాషాశాస్త్రవేత్తలున్నారు. అది అందరూ అంగీకరించిన వ్యుత్పత్తి కాదు. తెలుగులో చీల, మేకు, కీలం అనే మాటలున్నా వాటి పరిధి పెద్దది. గోడకు కొట్టేదీ మేకే, బండను చీల్చేదీ మేకే. కనుక ‘కీలాకారం’ అని అనువదిస్తే మొన తేలిన ఆకారమనే అర్థం వస్తుంది గానీ, మందం క్రమంగా తగ్గే ఆకారమనే అర్థం స్పష్టంగా రాదు.

2. గోళం

‘స్ఫైరా’ విషయంలో తెలుగు పరిభాష మరింత వివేకం చూపింది. భూమి చుట్టూ ఉన్న పొరలన్నిటినీ ఇంగ్లీషు ‘స్ఫియర్’ అన్న ఒకే మాటతో ముగిస్తుంది. తెలుగు పాఠ్యపుస్తకాలు వాటిని వాతావరణం, జలావరణం, శిలావరణం, జీవావరణం అన్నాయి. గాలి బంతి కాదు, బంతిని కప్పిన పొర. కనుక ‘గోళం’ కంటే ‘ఆవరణం’ విషయానికి దగ్గరగా ఉంది. నిజంగా బంతిలో సగమైన చోట మాత్రం ‘అర్ధగోళం’ అన్నారు. గ్రీకు మాటను వదిలి, అది సూచించే వస్తువును చూసి చేసిన అనువాదమిది.

ఫిల్మ్ నగర్ ఛాయాగ్రాహకుల వాడుకలో ఈ మాటకు మరో అర్థం ఉంది. వారు ‘స్ఫెరికల్ లెన్స్’ అన్నది అనమార్ఫిక్ కాని ప్రతి కటకాన్నీ. అనమార్ఫిక్ కటకం దృశ్యాన్ని అడ్డంగా కుదించి బంధిస్తుంది. ప్రదర్శనలో దాన్ని మళ్లీ విస్తరిస్తారు. తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ (1974)తో ఈ భేదం తెలుగు చిత్రపరిశ్రమకు నిత్యవ్యవహారమైంది.

3. జూబ్లీ హిల్స్ గుండ్లు

మేకు, గోళం రెండూ ఒకేచోట కనిపించేది జూబ్లీ హిల్స్ రాళ్లలో. ఇక్కడి గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో ఘనీభవించిన ఈ శిలకు నిలువుగా, అడ్డంగా పగుళ్లు ఏర్పడి అది దిమ్మెలుగా విడింది. పగుళ్లలోకి దిగిన నీరు ఫెల్‌స్పార్‌ను మెల్లగా బంకమన్నుగా మారుస్తుంది. దిమ్మె ముఖం మీద నీటి దాడి ఒక వైపు నుండే; అంచు మీద రెండు వైపుల నుండి, మూల మీద మూడు వైపుల నుండి. అందువల్ల మూలలు ముందు అరిగి, దిమ్మె లోపల గుండ్రని గట్టి భాగం మిగులుతుంది. చుట్టూ ఉన్న మన్ను కొట్టుకుపోయాక అది గుండుగా బయటపడుతుంది. ఒకదానిమీద ఒకటి పేర్చినట్లున్న గుండ్లను ఎవరూ పేర్చలేదు. అవి ఉన్నచోటనే ఉన్నాయి, చుట్టూ ఉన్నది పోయింది. శాస్త్రం దీన్ని గోళాభ శైథిల్యం అంటుంది. ఇదే గ్రానైటులో స్ఫీన్ కొద్దిపాటి పరిమాణంలో ఉంటుంది. పలుచని శిలాఛేదాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే దాని మేకు ఆకారం తెలుస్తుంది. అంటే గోళాభమైన గుండులోనే గ్రీకు మేకు దాగి ఉంది.

ఆ గుండును చీల్చేదీ మేకే. రాతిపనివారు వరుసగా రంధ్రాలు తొలిచి, వాటిలో ఇనుప మేకులు దించి, ఒకదాని తర్వాత ఒకటిగా సమ్మెటతో కొడతారు. పైనుండి పడిన దెబ్బను మేకు పక్కలకు తోసే బలంగా మారుస్తుంది. గ్రానైటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు. కనుక రంధ్రాల వరుస వెంట చీలిపోతుంది. కోట్ల ఏళ్ల రాయికి లక్షల ఏళ్లలో వచ్చిన గుండ్రదనం ఒక్క పూటలో పోతుంది. జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ వీధులు, ఇళ్ల స్థలాలు చాలావరకు ఇలా చదును చేసినవే.

మిగిలినవాటిలో కొన్నిటిని హైదరాబాదు వారసత్వ జాబితాలో చేర్చారు. ఫిల్మ్ నగర్ దగ్గరి మాన్‌స్టర్ రాక్, జూబ్లీ హిల్స్‌లోని ఒబెలిస్క్, టోడ్‌స్టూల్ వాటిలో ఉన్నాయి. ఒబెలిస్క్ కూడా గ్రీకు మాటే. మాంసం కాల్చే చిన్న చువ్వ అని దాని మూలార్థం. ఈ జాబితాలో వినిపించని మాట ‘గుండు’. గుండ్రదనాన్ని, రాతిదనాన్ని రెండక్షరాలలో కలిపి చెప్పే ఈ మాట శైథిల్య పరిభాషలోకి ఇంకా రావలసి ఉంది.