కడలికి కావలి: తీర రక్షక దళాధికారి జీవితము

యుద్ధమువచ్చినపుడు నౌకాదళము సముద్రమును కాచునని అందరికిని తెలియును. యుద్ధములేని దినములలో ఆ సముద్రమును కాచువారెవరు? ఆ భారము భారత తీర రక్షక దళముది. మన మత్స్యకారులు దీనినే కోస్టుగార్డు అందురు. ఈ దళమునందలి అధికారి కడలిపై ఏమిచేయునో, ఒడ్డున అతని పనియేమో కొంత తెలిసికొందము.

1974లో రుస్తుంజీ అధ్యక్షతన ఏర్పడిన సంఘము సముద్రముమీది దొంగరవాణాను అరికట్టుటకు ప్రత్యేక దళము కావలెనని సూచించినది. 1976లో పార్లమెంటు చేసిన చట్టమువలన తీరమునుండి 200 నాటికల్ మైళ్ళవరకు చేపలపైనను, అడుగున ఉన్న చమురుపైనను మనకు హక్కు కలిగినది. ఆ జలరాశి సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు. దానిని కాపాడుటకై 1977 ఫిబ్రవరి 1వ తేదీన రెండు పాత యుద్ధనౌకలతోను, ఐదు గస్తీ పడవలతోను ఈ దళము పని ప్రారంభించి, 1978లో శాసనబద్ధమైనది. ‘వయం రక్షామః’ అనునది దీని ధ్యేయవాక్యము. ‘మేము రక్షింతుము’ అని దాని అర్థము.

పట్టభద్రుడైన యువకుడు అసిస్టెంట్ కమాండెంటుగా ఇందు ప్రవేశించును. కేరళములోని ఎళిమల నౌకాదళ అకాడమీలో తొలి శిక్షణ పొంది, పిమ్మట నౌక నెక్కును. పటము చదువుట, రాడారు చూచుట, గాలిని అలలను గుర్తెరుగుట అచ్చట నేర్చును. నౌకను ఒంటరిగా నడపగలడని పరీక్షలో తేలినగాని రాత్రి పహరా అతనికి అప్పగింపరు. నడిరేయి తక్కినవారు నిదురించుచుండగా వారందరి ప్రాణములు అతని కన్నులమీద ఆధారపడియుండును.

దూరమున దీపములేని పడవ కనబడినదనుకొందము. అది దొంగసరకు మోయుచున్నదా? యంత్రము చెడి కొట్టుకొనిపోవుచున్నదా? అధికారి రెంటికిని సిద్ధపడి దగ్గరకు పోవలెను. ఒకే చేతితో పట్టుకొనవలెను, ఆదుకొనవలెను. ఇదియే ఈ ఉద్యోగములోని కష్టము.

ఇందుకు రెండు ఉదాహరణములు చాలును. 1999లో ‘అలోండ్రా రెయిన్‌బో’ అను జపాను వారి సరకు ఓడను ఇండోనేషియా సమీపమున సముద్రపు దొంగలు అపహరించి, పేరు మార్చి పశ్చిమముగా నడిపించిరి. తీర రక్షక దళ నౌక ‘తారాబాయి’ దానిని అరేబియా సముద్రమున వెంటాడినది. నౌకాదళపు తోడ్పాటుతో ఓడ చిక్కినది, 15 మంది దొంగలు పట్టువడిరి. 2019 ఆగస్టు 12న విశాఖపట్టణము చేరువలో ‘కోస్టల్ జాగ్వార్’ అను నౌకపై మంటలు చెలరేగగా, అందలివారు నీటిలో దుమికిరి. దళమునకు చెందిన ‘రాణీ రష్మణి’ సహాయమునకు పరుగెత్తినది. 29 మందిలో 28 మంది ప్రాణములు దక్కినవి. ఒకరు మాత్రము కానరాకపోయిరి. రక్షించినవానికి దక్కినవారితోబాటు దక్కనివాడును జ్ఞాపకముండును.

కొన్ని సంవత్సరములు నౌకపై గడపిన అధికారి ఒడ్డున నియమింపబడును. విశాఖపట్టణములో జిల్లా ప్రధాన కార్యాలయమును, కాకినాడ, కృష్ణపట్టణములలో స్థావరములును కలవు. 1554 అను సంఖ్యకు వచ్చు ఆపద పిలుపును ఆలకించి, దగ్గరనున్న నౌకను పంపుట ఇచ్చటి పని. వాయుగుండము పుట్టినదని తెలియగానే నౌకలు, విమానములు సముద్రముపై తిరిగి, వేటకుపోయినవారిని రేవు చేరుడని హెచ్చరించును. ఓడలనుండి చమురు ఒలికినచో దానిని తొలగించు ప్రయత్నమును సమన్వయపరచు బాధ్యతయు ఈ దళముదే.

వీటన్నిటికంటె ముఖ్యమైనది పల్లెలకుపోయి మాటాడుట. 2018 నవంబరులో గుజరాతు తీరమున వేటకుపోయిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులు తెలియక సరిహద్దు దాటి పాకిస్తాను చెరలో పడిరి. వారిలో 20 మంది 2020 జనవరిలోగాని విడుదల కాలేదు. నీటిపై గీత కనబడదు. కావుననే దిక్కు తెలుపు పరికరము, రేడియో, ప్రాణరక్షక కవచము లేనిదే పడవ వదలవలదని అధికారి తండేలుకు నచ్చజెప్పవలెను.

తండేలు ఆ మాట వినవలెనన్నచో అతనికి అధికారిపై నమ్మకము కలుగవలెను. సముద్రముమీద పడవ నాపి సోదాచేయునపుడు పరుషముగా మాటాడిన అధికారిని, ఒడ్డున ఎవ్వరును ఆలకింపరు. మర్యాదగా నడచినవానికి మాత్రము, అనుమానపు పడవ కనబడినపుడు మొదటి కబురు మత్స్యకారుడే పంపును. నౌకలెన్ని ఉన్నను 20 లక్షల చదరపు కిలోమీటర్లకు చాలవు. వేటకుపోవు ప్రతి మత్స్యకారుని కన్నును తోడైననే ఆ కావలి సంపూర్ణమగును.